నూకరత్నాన్ని కలుపుకున్న పథకం

మా చినపాటిలంకకు యూరప్ నుంచి డబ్బు వస్తుందని తెలిసిన రోజున, ఆ డబ్బుకు అడ్డంగా ఉన్నది మా ఊళ్ళో నూకరత్నం ఒక్కతేనని ఎవరికీ తెలియదు. తెలిశాక కూడా నమ్మడానికి కొంత టైము పట్టింది.

మా ఊరి ఆడవాళ్ళు కొబ్బరి పీచుతో తాళ్ళు పేనుతారు. ఈ పనికి ముగ్గురుండాలి. ఒకరు రాట్నం దగ్గర కూర్చుని చక్రం తిప్పుతారు. మిగిలిన ఇద్దరూ ఒడిలో పీచు పెట్టుకుని, రాట్నానికి తగిలించిన పోగును వేళ్ళతో సాగదీసుకుంటూ వెనక్కి వెనక్కి నడుస్తారు. అంటే రోజంతా వాళ్ళ మొహాలు రాట్నం తిప్పే మనిషి వైపే ఉంటాయి. అచ్చియ్యమ్మ, లోవతల్లి నడిచే జట్టులో రాట్నం నూకరత్నానిది. ఆవిడకు పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. కానీ పెదవులు కదిలితే చాలు, ఆ చివరనుంచి కూడా మాట పట్టేస్తుంది.

అందుచేత ఏ కోడలు ఏ అత్తను ఏమందో, ఎవరి చెట్టు కాయలు ఎవరు దింపుకుపోయారో అంతా ముందు నూకరత్నానికే చేరేది. చెప్పింది బయటికి పొక్కదు, మధ్యలో అడ్డు రాదు, పైగా సరైన చోట కళ్ళు పెద్దవి చేసి ఆశ్చర్యపోతుంది. ఇంతకంటే ఎవరికైనా ఏం కావాలి? పక్క జట్ల వాళ్ళు కూడా కడుపులో మాట ఆగకపోతే వచ్చి ఆవిడ ఎదురుగా ఓ నాలుగడుగులు వెనక్కి నడిచి పోయేవారు. మా ఆవిడ తాడు కొనే వంకతో వెళ్ళి, నా గురించి ఏదో చెప్పుకుని తేలికపడి వచ్చేది. ఏం చెప్పిందో నాకు ఇప్పటికీ తెలియదు. నూకరత్నం మాత్రం నేను కనపడినప్పుడల్లా నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది.

ఇదంతా కొబ్బరిచెట్ల నీడలో జరిగేది. వానలు మొదలైతే పీచు నాని, పని ఆగిపోయేది. ఆ నెలల్లో పొయ్యి వెలగడం కష్టమే. అందుకని ఒకరోజు అచ్చియ్యమ్మ మా ఇంటి అరుగు మీదికొచ్చి కూర్చుంది. నేను హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టర్ని. ఊళ్ళో ఎవరికి ఏ అర్జీ కావాలన్నా నేనే రాయాలి.

"మాస్టారూ, మాకేం మేడలొద్దండి. ఓ రేకుల షెడ్డు ఏయిత్తే చాలండి. వానాకాలం గూడా మా పన్జేసుకుంటాం. ఎవరికి రాయాలో మీకే తెల్సుద్ది" అంది.

సరిగ్గా అప్పుడే జిల్లాలో ఒక కొత్త ఆఫీసు తెరిచారు. యూరప్‌లో ఏదో ప్రాంతం వారు తమ ప్రాంతీయ అభివృద్ధి నిధిలోంచి కొంత తీసి, మన జిల్లాను తోబుట్టువుగా భావించి ఇస్తున్నారట. ఆశయాలు రెండు: స్థానిక ఉపాధి, సామాజిక సమ్మిళితం. పథక సంచాలకులు త్రివిక్రమరావు గారు ఈ రెండో మాట పలికేటప్పుడు కళ్ళు సగం మూసుకునేవారు. సమ్మిళితం అంటే కలుపుకోవడం అని నేను అచ్చియ్యమ్మకు చెప్పాను.

"ఎవర్నండీ?"

"విడిగా ఉన్నవాళ్ళని."

"మా దగ్గర ఇడిగా ఎవరున్నారండీ?" అని ఆవిడ ఆలోచనలో పడింది. ఆ ప్రశ్నను అప్పుడే పట్టించుకుని ఉండాల్సింది.

నిధి నిబంధనలు వాళ్ళ దేశానికి రాసుకున్నవి. ఒక్క అక్షరం మార్చే అధికారం ఇక్కడ ఎవరికీ లేదు. దరఖాస్తులో ఒకచోట, మంచు కురిసే నెలల్లో కార్మికుల రాకపోకలకు ఏ ఏర్పాట్లు చేశారని అడిగారు. మా ఊళ్ళో మంచు కురవదని రాశాను. త్రివిక్రమరావు గారు దాన్ని ఎర్రసిరాతో కొట్టేశారు.

"మాస్టారూ, కురవదు అనేది మీ వ్యక్తిగత అభిప్రాయం. వారు అభిప్రాయం కోరలేదు, ఏర్పాటు కోరారు. తదనుగుణంగా స్పందించవలసి ఉంటుంది."

తదనుగుణంగా మంచు తొలగింపు విభాగం ఏర్పడింది. సర్పంచి కనకరాజు గారి బావమరిది దానికి పర్యవేక్షకుడయ్యాడు. పథకం వల్ల మా ఊళ్ళో పుట్టిన మొదటి ఉద్యోగం అదే. అతను బాధ్యత తీసుకున్న తరవాత ఊళ్ళో మంచు ఒక్క చుక్క కూడా నిలవలేదని ప్రతి నివేదికలోనూ నేనే రాశాను.

తరవాత హైదరాబాదు నుంచి నిరంజన్ గారని ఒక కన్సల్టెంటు, ముందస్తు పరిస్థితిని పరిశీలించడానికి వచ్చారు. చెట్ల కింద తాళ్ళు పేనే ఆడవాళ్ళను చూశారు. మధ్యలో రాట్నం తిప్పుతూ పడీపడీ నవ్వుతున్న నూకరత్నాన్ని చూశారు. ఆవిడ సంగతి అడిగి తెలుసుకుని, ల్యాప్‌టాప్ మూసేసి నీరసంగా కూర్చుండిపోయారు.

"మీ బేస్‌లైన్ చాలా బాగుందండీ" అన్నారు.

"సంతోషం" అన్నారు కనకరాజు గారు.

"సంతోషం కాదండీ! ఇంత బాగుంటే డబ్బెందుకు ఇస్తారు? పథకానికి ముందు ఎలా ఉంది, తరవాత ఎలా ఉంది, ఆ తేడాకే వాళ్ళు డబ్బిస్తారు. వీళ్ళకి ఆల్రెడీ పనుంది. అంటే మీరు సృష్టించిన ఉపాధి సున్నా. ఆ మూగావిడ ఆల్రెడీ అందరి మధ్యలో ఉంది. అంటే సమ్మిళితం సున్నా. పక్క మండలంలో చూసొచ్చాను, అద్భుతమైన పరిస్థితి. ఎవరికీ పని లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోరు. డబ్బు అక్కడికి పోతుంది."

కనకరాజు గారికి రోషం వచ్చింది. "మావోళ్ళు వాళ్ళకేం తీసిపోయారండీ? ఎంత అధ్వాన్నంగా ఉండాలో చెప్పండి, ఉంటాం" అన్నారు.

ఉపాధి సంగతి తేలిగ్గానే తెమిలింది. రాట్నాలన్నీ పంచాయతీ ఆఫీసులో పెట్టి తాళం వేశారు. మర్నాటికల్లా ఊళ్ళో ఆడవాళ్ళందరూ నిరుద్యోగులయ్యారు. త్రివిక్రమరావు గారు స్వయంగా వచ్చి, ఖాళీగా కూర్చున్నవాళ్ళను చూసి, తృప్తిగా తల పంకించారు. చిక్కల్లా నూకరత్నంతోనే వచ్చింది. పని లేకపోతే మాత్రం ఆవిడ ఒంటరిగా ఎందుకుంటుంది? అచ్చియ్యమ్మ ఇంటి గుమ్మంలో కూర్చుని లోవతల్లికి పేలు చూస్తూ కనపడింది.

పంచాయతీ ఆఫీసులో సమావేశం పెట్టారు. నూకరత్నాన్ని తప్ప అందరినీ పిలిచారు. సమ్మిళితం మీద మా ఊళ్ళో జరిగిన మొదటి సమావేశం అది.

"మాన్య మహిళలారా, సదరు వ్యక్తిని సమ్మిళితం చేయవలసిన గురుతర బాధ్యత మనపై ఉన్నది. అయితే అసమ్మిళితంగా లేని వ్యక్తిని సమ్మిళితం చేయడం సాంకేతికంగా అసాధ్యం. కావున ప్రాథమిక దశలో ఆమెను అసమ్మిళితం చేయడం అనివార్యమని భావించడమైనది" అన్నారు త్రివిక్రమరావు గారు.

ఆడవాళ్ళు నా వైపు చూశారు. "నూకరత్నంతో ఎవరూ మాట్లాడకూడదు, దగ్గర కూర్చోకూడదు, మొహం చూడకూడదు" అని తెలుగులో చెప్పాను.

అచ్చియ్యమ్మ లేచి నిలబడింది. "అదేంటండీ బాబూ! మనిసితో మాట్టాడకుండా ఎలాగుంటాం? అదేం తప్పు జేసిందనండీ?"

"అమ్మా, మాట్లాడవద్దని ఎవరన్నారు? సంభాషణను తాత్కాలికంగా నిలుపుదల చేయమంటున్నాం."

"పోనీ ఇదంతా షెడ్డు కోసం ఆడే నాటకమని దానికో మాట చెప్పేత్తామండి. అదీ మాతో పాటు ఆడద్ది."

"చెప్తే ఇంకేముందమ్మా?" అన్నారు నిరంజన్ గారు. "యూరప్ వాళ్ళు ఫోటోలో మొహాలు చూస్తారు. ఆవిడ మొహంలో ఆ వెలితి సహజంగా రావాలి. తెలిస్తే రాదు. ఒక్కరు చెప్పినా షెడ్డు మంజూరు కాదు."

అచ్చియ్యమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. వైశాఖం వెళ్ళిపోతోంది. అవతల పీచు కుప్పలు ఆరుబయట ఉన్నాయి. "ఎన్నాళ్ళండీ?" అని అడిగింది.

"పరిశీలన అయ్యేదాకా. వారం, పది రోజులు."

"అయితే సరేనండి. షెడ్డు పడ్డాక దాని కాళ్ళయినా పట్టుకుంటాను" అని కూర్చుంది.

నూకరత్నం ఉండేది కాలవగట్టు మీద, ఒక్కతే. ఎవరూ వెళ్ళి చెప్పకుండా ఆ గట్టు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవడానికి ఒక పరిశీలకుణ్ణి నియమించారు. కనకరాజు గారి రెండో బావమరిది ఖాళీగానే ఉన్నాడు. స్థానిక ఉపాధి ఆ విధంగా రెట్టింపయింది.

మొదటి రోజు నూకరత్నం ఏదో వేళాకోళమనుకుంది. లోవతల్లి మొహం తిప్పుకుంటే, వెనకనుంచి వెళ్ళి జడ లాగి నవ్వింది. లోవతల్లి పరుగెత్తుకుంటూ ఇంట్లోకి పోయింది. రెండో రోజు ఇంటింటికీ వెళ్ళి చూసింది. మూడో రోజు చేపల పులుసు గిన్నెతో అచ్చియ్యమ్మ గుమ్మంలోకొచ్చి నిలబడి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, నేనేం చేశానని సైగలతో అడిగింది. అచ్చియ్యమ్మ తలుపేసుకుంది. గిన్నె అరుగు మీద పెట్టి నూకరత్నం వెళ్ళిపోయింది. పరిశీలకుడు ఆ గిన్నెను కూడా ఫోటో తీశాడు. నాకు ఆ పూట అన్నం సయించలేదు. ఇంగ్లీషు తెలిసిన మనిషి ఊళ్ళో ఇంకొకడుంటే నేను ఈ రాతపని మానేసేవాణ్ణే.

రెండో పరిశీలన దివ్యంగా జరిగింది. కాలవగట్టు మీద మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని కూర్చున్న నూకరత్నాన్ని నిరంజన్ గారు నాలుగు వైపులనుంచీ ఫోటో తీసుకున్నారు. "ఇంత సహజమైన వెలితి నా సర్వీసులో చూడలేదండీ" అన్నారు. దీనికి తోడు అనుకోని లాభం ఒకటి కలిసింది. చెప్పుకోవడానికి నూకరత్నం లేకపోయేసరికి ఆడవాళ్ళు తమ గుట్లన్నీ ఒకరికొకరు చెప్పుకున్నారు. వారం తిరక్కుండా ఊరంతా పాకాయి. మూడిళ్ళలో కోడళ్ళు పుట్టిళ్ళకు వెళ్ళారు. కొబ్బరికాయల దొంగ ఎవరో బయటపడి పెద్ద తగువైంది. మా ఇంట్లో సంగతి ఇక్కడ చెప్పను. ఊరు ఊరంతా ఎడమొహం పెడమొహంగా తయారవడం చూసి, పక్క మండలం దీని ముందు దిగదుడుపేనని నిరంజన్ గారు రాసుకున్నారు.

నిధి మంజూరైంది. షెడ్డు లేచింది. దుక్కలా గట్టిగా ఉంది, నేనేం వంకలు పెట్టను. కప్పు మాత్రం మంచు జారిపోవడానికి వీలుగా బాగా ఏటవాలుగా కట్టారు. ఆడవాళ్ళకు తాడు పేనడంలో శిక్షణ ఇచ్చారు. గోడ మీద బొమ్మలు చూపించి, వెనక్కి నడవడం ఎలాగో ఒక పట్నం అమ్మాయి చెప్పింది. శిక్షణ అయ్యాక రాట్నాలు తాళం తీసి ఇచ్చి, వాటి ముందు నిలబెట్టి, కొత్తగా ఉపాధి పొందినవారిగా చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్ల మధ్యలోనే అచ్చియ్యమ్మ కొంగు బిగించింది. "ఇంక దాన్ని తీసుకొచ్చేత్తానండి" అని గుమ్మం వైపు బయల్దేరింది.

త్రివిక్రమరావు గారు చెయ్యి అడ్డం పెట్టారు. "ఆగమ్మా! సమ్మిళితం ఒక్కుమ్మడిగా జరిగితే కొలవడం ఎలా? దశలవారీగా జరగాలి. మూడు నెలలకొక దశ. నాలుగు దశలు. ప్రతి దశ చివరా ఒక విడత నిధులు విడుదలవుతాయి. తొందరపడితే షెడ్డు వెనక్కి తీసుకునే అధికారం వారికి కలదు."

"వారం పది రోజులన్నారు గదండీ!"

"అది అసమ్మిళిత దశకు చెప్పిన మాట. ఇది సమ్మిళిత దశ."

బయట కుండపోతగా వాన. లోపల పీచు పొడిగా ఉంది. పొయ్యిలు వెలుగుతున్నాయి. అందరూ ఆవిడ వైపే చూస్తున్నారు. అచ్చియ్యమ్మ కళ్ళు తుడుచుకుని రాట్నం వైపు వెళ్ళింది. దాని దగ్గర కనకరాజు గారి మేనకోడలు కూర్చుని ఫోను చూసుకుంటూ చక్రం తిప్పుతోంది.

షెడ్డులో నేల మీద పచ్చరంగుతో గీత గీశారు. మొదటి దశలో నూకరత్నం గుమ్మం బయట చూరు కింద, ముక్కాలిపీట మీద కూర్చోవాలి. కూర్చున్నందుకు కూలి ఇస్తారు. ఆ డబ్బు పరిశీలకుడు తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెడితే, ఆవిడ దాన్ని అక్కడే పీట మీద పెట్టి వెళ్ళిపోయేది. చివరికి ఇంట్లో బియ్యం నిండుకున్నాక తీసుకుంది.

రెండో దశలో గీత లోపలికి జరిగింది. నూకరత్నం గోడవారగా కూర్చోవచ్చు. ఒక్కొక్కరూ రోజుకు ఒక చిరునవ్వు నవ్వవచ్చు. పరిశీలకుడు లెక్క రాసుకునేవాడు. మొదటి చిరునవ్వు అచ్చియ్యమ్మకు కేటాయించారు. ఆవిడ గీత దగ్గరకెళ్ళి నిలబడి నవ్వబోయింది. భోరుమని ఏడ్చింది. పెదవులతో ఏదో చెప్పబోయేలోపల పరిశీలకుడు మధ్యలోకొచ్చి, "ఏడుపు ఈ దశలో లేదమ్మా, మాట నాలుగో దశ ముగింపులో ఉంది" అని తీసుకుపోయాడు. నూకరత్నం అంతా చూసింది. అంతకుముందు ఎవరు అటు వచ్చినా తలెత్తి పెదవుల కేసి ఆశగా చూసేది. ఆ రోజునుంచీ నేల చూపులు చూడడం మొదలుపెట్టింది.

మూడో దశ టీ. గ్లాసు గీత మీద పెట్టాలి, చేతికి ఇవ్వకూడదు. లోవతల్లి రోజూ పెట్టేది. సాయంత్రం అదే గ్లాసు తీసి పారబోసేది. తాగడం నిబంధనల్లో లేదు గనక ఆ దశ కూడా నూటికి నూరుపాళ్ళు పూర్తయినట్టే లెక్క.

నాలుగో దశ ముగింపుకు యూరప్ నుంచి ఇంగ్రిడ్ అనే పెద్దావిడ వచ్చింది. ఎండకు మొహం కందిపోయినా మంచి మనిషిలాగే కనపడింది. అందరి చేతులూ పట్టుకుని పలకరించింది. మంచు తొలగింపు పర్యవేక్షకుణ్ణి పరిచయం చేస్తే ఒక్క క్షణం ఆగి, అతని చెయ్యి కూడా పట్టుకుంది. గోడ మీద ఫోటోలు వరసగా పెట్టాం. కాలవగట్టు, మూసిన తలుపు, అరుగు మీద గిన్నె. ఆవిడ వాటిని ఒక్కొక్కటే చూసి నా వైపు తిరిగింది.

"ఇంతకుముందు ఈమెను ఎవరూ దగ్గరికి రానిచ్చేవారు కాదా?"

త్రివిక్రమరావు గారే జవాబిచ్చారు. "మా సమాజంలో ఇటువంటి దురాచారాలు వేళ్ళూనుకుని ఉన్నాయి మేడమ్. మీ సహకారంతో పెకలిస్తున్నాం." ఆ మాటను నేను మంచి ఇంగ్లీషులో పెట్టాను. ఇంగ్రిడ్ గారి కళ్ళు చెమర్చాయి.

రెండో విడత పథకం గురించి త్రివిక్రమరావు గారు వినయంగా కదిపారు. తప్పకుండా ఇస్తామనీ, అయితే కలుపుకోవలసినవాళ్ళు ఇంకా ఉన్నారని చూపించాలనీ ఆవిడ చెప్పింది. త్రివిక్రమరావు గారి చూపు వరసగా ఆడవాళ్ళ మీదుగా వెళ్ళి లోవతల్లి దగ్గర ఆగింది. లోవతల్లికి కొంచెం మెల్లకన్ను. ఆయన చూపు గమనించి ఆ పిల్ల అచ్చియ్యమ్మ వెనక్కి జరిగింది.

ముహూర్తం వచ్చింది. గీత మీద రిబ్బను కట్టారు. ఇంగ్రిడ్ గారు కత్తిరించారు. నూకరత్నాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి రాట్నం దగ్గర కూర్చోబెట్టారు. మనిషి చిక్కిపోయింది. జుట్టు నెరిసింది. చక్రం మీద చెయ్యి పడగానే ఆ చెయ్యి మాత్రం పాత చెయ్యిలాగే తిరిగింది. ఫోటోలు, చప్పట్లు. మేనకోడల్ని శాశ్వత శిక్షకురాలిగా ప్రకటించారు.

అచ్చియ్యమ్మ ఒడిలో పీచు పెట్టుకుని, పోగు తగిలించి, వెనక్కి నడవడం మొదలుపెట్టింది. ఇప్పుడు మాట్లాడవచ్చు. సంవత్సరం పైగా ఈ అడుగుల కోసమే చూసింది. ఆవిడకు ఆగలేదు.

"ఒసే నూకరత్నం, షెడ్డు కోసమేనే! దొంగ సచ్చినోళ్ళు చెప్పనివ్వలేదే. నీ గిన్నె ఇంట్లోనే దాచానే, తోమి దాచాను. రోజూ నీ పేరే తలుచుకున్నాను..."

నూకరత్నం ఒక్కసారి తలెత్తి అచ్చియ్యమ్మ మొహం కేసి చూసింది. చూసి కళ్ళు మూసుకుంది.

రాట్నం తిరుగుతూనే ఉంది. తాడు చక్కగానే పడుతోంది. అచ్చియ్యమ్మ గొంతు పెద్దది చేసింది, వినపడదని తెలిసి కూడా. "ఇటు చూడవే! కొట్టు, తిట్టు, ఏదోటి చెయ్యి. ఒక్కసారి కళ్ళు తెరవ్వే తల్లీ!" అంటూ వెనక్కి వెనక్కి నడుస్తోంది. పోగు తెగకుండా నడవాలి కాబట్టి ఆగడానికి లేదు, దగ్గరికి రావడానికీ లేదు. ఆ చివర గోడ తగిలేదాకా నడిచింది. నూకరత్నం కళ్ళు తెరవలేదు.

"ఎంత ప్రశాంతంగా ఉంది ఆ ముఖం" అని ఇంగ్రిడ్ గారు నిట్టూర్చారు. లబ్ధిదారు ఆనందంతో నేత్రాలు మూసుకున్నట్టు నమోదు చేయమని త్రివిక్రమరావు గారు నాకు సైగ చేశారు.

గోడ దగ్గర అచ్చియ్యమ్మ ఇంకా అరుస్తూనే ఉంది. ఆవిడ ఏమంటోందని ఇంగ్రిడ్ గారు నన్ను అడిగారు.

"మీకు కృతజ్ఞతలు చెబుతోందండి" అన్నాను.